మొదటి చెక్క లేత్, మొదటి ఉలులు: విశాఖలో మొదలుపెట్టేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

చెక్క లేత్ అంటే కర్రని గిరగిరా తిప్పే మిషన్, తిరుగుతున్న కర్రకి ఉలి ఆనించి ఆకారం తీస్తాం. దాన్ని కొందామనుకునే వాళ్లలో చాలామంది ఉన్న డబ్బంతా మిషన్ మీదే పెట్టేస్తారు. మిషన్ ఇంటికొచ్చి బల్ల మీద కూర్చున్నాక అసలు సంగతి తెలుస్తుంది. సరైన ఉలి లేదు, ఉన్న ఉలికి పదును లేదు, పదును పెడదామంటే గ్రైండర్ లేదు. అక్కడి నుంచి నెలనెలా ఏదో ఒకటి కొంటూ పోవాలి, లేదంటే మిషన్ మీద దుప్పటి కప్పాలి. రెండోదే ఎక్కువ జరుగుతుంది.

అందుకని ముందు లెక్క చెప్తాను. ధరలు ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉంటాయి కాబట్టి వాటాల్లో చెప్తున్నాను. మీ దగ్గర వంద రూపాయలుంటే లేత్‌కి యాభై దాటనివ్వకండి. గ్రైండర్‌కి, దాని చక్రాలకి ఇరవై. ఉలులకి పదిహేను. మిగతా పదిహేను ఫేస్ షీల్డ్, మాస్క్, స్టాండ్, వైరింగ్ లాంటి వాటికి. గిన్నెల్ని పట్టుకునే నాలుగు దవడల చక్ ఈ వందలో లేదు, అది రెండో విడత. చిన్న లేత్‌తో మంచి పదునున్న ఉలి చేసే పని పెద్ద లేత్‌తో మొద్దు ఉలి చేయలేదు. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

కొనేముందు ఏటికొప్పాక వెళ్లి రండి

విశాఖలో ఉంటూ ఏటికొప్పాక చూడకుండా లేత్ కొనడం నాకు నచ్చదు. జాతీయ రహదారి మీద యలమంచిలి దాటాక, వరాహ నది ఒడ్డున, మన ఊరికి సుమారు 65 కిలోమీటర్లు. ఇప్పుడది అనకాపల్లి జిల్లా. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఆ కళని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

బొమ్మలు కొనుక్కోండి, కానీ వాళ్ల చేతులు చూడడం మానకండి. అంకుడు కర్ర ముక్క తిరుగుతుంటే ఉలిని ఎక్కడ ఆనిస్తున్నారు, ఎంత నెమ్మదిగా లోపలికి తీసుకెళ్తున్నారు, మధ్యలో ఎన్నిసార్లు ఆగి పదును చూసుకుంటున్నారు. లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకి ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆ మీదట మొగలాకుతో ఒత్తితే మెరుపొస్తుంది. ఇంటర్నెట్‌లో కనిపించే మెరిసే మిషన్లకీ అక్కడివాటికీ పోలికే ఉండదు. మంచి పనికి ఖరీదైన మిషన్ తప్పనిసరి కాదని అక్కడ కాసేపు కూర్చుంటే నమ్మకం కుదురుతుంది. డబ్బు పెట్టకముందే ఆ నమ్మకం రావాలి.

ముందు తేల్చుకోవాల్సింది: ఏం చేస్తారు?

చెక్క తిప్పుడులో రెండు దారులున్నాయి. ఒకటి, కర్రని రెండు కొసల మధ్య బిగించి తిప్పడం. పప్పుగుత్తి, అప్పడాల కర్ర, బొంగరం, ఉలి పిడి, మంచం కోళ్లు అన్నీ ఇందులోకే వస్తాయి. ఇక్కడ చెక్క రేఖలు లేత్ పొడవునా ఉంటాయి. రెండోది గిన్నెలు, పళ్లేలు. వీటిలో రేఖలు అడ్డంగా ఉంటాయి. అందుకే ఒక చుట్టు తిరిగేలోపు ఉలికి రెండుసార్లు మెత్తని వైపు, రెండుసార్లు కోసిన కొస తగులుతుంది. ప్రతి చుట్టులో ఆ దెబ్బలన్నీ మిషన్ ఓర్చుకోవాలి. గిన్నెలకి బరువైన మిషన్, తక్కువ వేగం అడిగేది ఇందుకే.

కేవలం పెన్నులు, బొంగరాలు, చిన్న బొమ్మలు చాలనుకుంటే చిన్న మిషన్ సరిపోతుంది. చాలామంది మొదట అలాగే అంటారు గానీ, ఎక్కడో ఓ చెక్క గిన్నె చూడగానే మనసు మారిపోతుంది. కాబట్టి నా సలహా: నేర్చుకోవడం కర్రలతో మొదలుపెట్టండి, మిషన్ మాత్రం 8 అంగుళాల గిన్నె చేయగలిగేది కొనండి.

స్థలం, కరెంటు, ఉప్పు గాలి

లేత్‌కి మూడడుగుల బల్ల చాలు, దాని ముందు మనిషి నిలబడి పక్కకి కదిలే చోటుండాలి. చెక్క పొట్టు గది మొత్తం ఎగురుతుంది కాబట్టి పడకగదిలో మాత్రం వద్దు. అపార్ట్‌మెంట్‌లో అయితే మోటారు చప్పుడు కంటే బల్ల అదురు ఎక్కువ గొడవ తెస్తుంది. కింద ఫ్లాట్ వాళ్లకి సీలింగ్‌లోంచి వినపడేది అదే. స్టాండ్ కాళ్ల కింద మందపాటి రబ్బరు వేసి, కింది అరలో రెండు మూడు ఇసుక బస్తాలు పెడితే సగానికి సగం తగ్గుతుంది. స్టాండ్‌ని గాజువాకలోనో మర్రిపాలెంలోనో ఏ వెల్డింగ్ షాపులోనైనా చేయించుకోవచ్చు. ఎత్తు విషయంలో మాత్రం రాజీ పడకండి. లేత్ ఇరుసు, అంటే చెక్కని తిప్పే కమ్మీ, మీ మోచేతి ఎత్తులో ఉండాలి. కిందికుంటే నడుము పోతుంది, పైకుంటే భుజాలు పోతాయి.

ఒక హార్స్‌పవర్ మోటారు అంటే 746 వాట్లు. ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుతో బాగానే నడుస్తుంది. 16 ఆంపియర్ల ప్లగ్, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుని ఆ తర్వాతే మిషన్ తెప్పించండి.

ఇక మన ఊరి అసలు శత్రువు ఉప్పు గాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఇల్లున్నవాళ్లకి కిటికీ గ్రిల్స్ ఎంత త్వరగా తుప్పు పడతాయో తెలుసు. లేత్ బెడ్, అంటే మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి పట్టా, పోత ఇనుము, పైన రంగుండదు. వానాకాలంలో ఒక్క వారం పట్టించుకోకపోతే ఎర్రబడుతుంది. పని అయ్యాక పొట్టంతా బ్రష్‌తో తోసేసి, గుడ్డకి కొంచెం మిషన్ ఆయిల్ అద్ది బెడ్ అంతా తుడవండి. నెలకోసారి మైనం పూసి రుద్దితే టెయిల్‌స్టాక్ (కర్ర రెండో కొసని పట్టే, బెడ్ మీద జరిగే భాగం) కూడా సాఫీగా జారుతుంది. పచ్చి చెక్క తిప్పిన రోజు మరీ జాగ్రత్త. ఆ నీటిలో ఉండే వగరు ఇనుము మీద నల్లమచ్చలు పెడుతుంది. టెర్రస్ మీద రేకుల షెడ్డులో పెట్టేవాళ్లు రాత్రిపూట మిషన్ మీద ప్లాస్టిక్ పట్టా కప్పకండి, కింద చెమ్మ నిలుస్తుంది. నూలు దుప్పటి మేలు.

లేత్ చూసేటప్పుడు చదవాల్సిన అంకెలు

ప్రకటనలో 10×18 అని ఉంటే మొదటిది బెడ్ మీద తిరగగల చెక్క గరిష్ఠ వ్యాసం, రెండోది రెండు కొసల మధ్య పొడవు, రెండూ అంగుళాల్లో. కొన్ని కంపెనీలు వ్యాసానికి బదులు బెడ్ నుంచి ఇరుసు దాకా ఎత్తు చెప్తాయి. అప్పుడు దాన్ని రెండింతలు చేసుకోవాలి. ఉలిని ఆనించే టూల్ రెస్ట్ అడుగు భాగం కొంత చోటు తినేస్తుంది కాబట్టి 10 అంగుళాల మిషన్ మీద హాయిగా చేయగలిగేది 8 అంగుళాల గిన్నె. మొదటి మిషన్‌కి 10 నుంచి 12 అంగుళాలు సరైన సైజు. పొడవు 18 చాలు, అప్పడాల కర్ర దాకా వస్తుంది. పొడవు తర్వాత పెంచుకోవచ్చు, చాలా మిషన్లకి అదనపు బెడ్ ముక్క దొరుకుతుంది. వ్యాసం మాత్రం పెరగదు.

వేగం దగ్గర ఒక సులువైన లెక్క ఉంది. చెక్క వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని నిమిషానికి చుట్ల సంఖ్యతో గుణిస్తే 6000కి, 9000కి మధ్య రావాలి. అంటే 8 అంగుళాల గిన్నెకి 750 నుంచి 1125 చుట్లు. అది కూడా చెక్క గుండ్రంగా వచ్చాక. గతుకుల చెక్క మొదట బిగించినప్పుడు ఇంకా తక్కువలో మొదలుపెట్టాలి. కాబట్టి మిషన్ గరిష్ఠ వేగం ఎంతని షాపువాడు గొప్పగా చెప్తుంటే, కనిష్ఠ వేగం ఎంతని మీరు అడగండి. 500 లేదా అంతకంటే కిందికి దిగాలి. రెండంగుళాల కర్రకి ఆ లెక్క ప్రకారం 3000 పైన రావాలి, కానీ కొత్తవాళ్లు 1500 దగ్గర మొదలుపెట్టి చేయి కుదిరాక పెంచుకోవడం మంచిది.

వేగం మార్చడానికి రెండు పద్ధతులు. బెల్టుని ఒక పుల్లీ మెట్టు నుంచి ఇంకో మెట్టుకి మార్చడం ఒకటి, నాబ్ తిప్పి మార్చడం ఇంకోటి. నాబ్ చాలా సుఖం. అయితే అందులో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది పోతే మన ఊళ్లో దొరుకుతుందా, ఎన్నాళ్లకి వస్తుందనేది అమ్మేవాణ్ణి నిలదీసి అడగండి. జవాబు నసుగుతూ వస్తే బెల్టు మిషనే తీసుకోండి. బెల్టు తెగితే ఆ సాయంత్రానికే కొత్తది వేసుకోవచ్చు.

ఇరుసు మీది మర కొలత రాసుకోండి. 1 అంగుళం మందం మీద అంగుళానికి 8 మరలు, లేదా ఎం33 (33 మిల్లీమీటర్ల మర) అనేవి ఎక్కువగా వాడే కొలతలు. చక్‌లు, ఫేస్‌ప్లేట్‌లు (చెక్కని స్క్రూలతో బిగించే ఇనుప పళ్లేలు) వాటికి సులువుగా దొరుకుతాయి. ఊరూ పేరూ లేని మర ఉన్న మిషన్ చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే తర్వాత ప్రతిదానికీ అడాప్టర్ చేయించాలి. ఇరుసు లోపలి సన్న రంధ్రాన్ని మోర్స్ టేపర్ అంటారు. అది రెండో నంబరు అయితే మంచిది, ఒకటో నంబరు సెంటర్లు (కర్ర కొసల్ని పట్టే మొనలు) బరువైన చెక్కకి మరీ సన్నం.

ఇక బరువు. ఇద్దరు కలిసి ఆపసోపాలు పడుతూ ఎత్తే మిషన్ కొనండి. ఒంటి చేత్తో ఎత్తగలిగే మిషన్ గతుకు చెక్క పెట్టగానే బల్ల మీద నడవడం మొదలుపెడుతుంది.

మన ఊళ్లో దొరికేవి

ఆన్‌లైన్‌లో వచ్చే 10, 12 అంగుళాల పోత ఇనుము మిషన్లు చాలామందికి సరైన దారి. అదే చోట డ్రిల్ మిషన్‌కి తగిలించుకునే లేత్ అటాచ్‌మెంట్లు, చిన్న డీసీ మోటారుతో వచ్చే బొమ్మ లేత్‌లు కూడా కనిపిస్తాయి. పూసలు చేసుకోవడానికి తప్ప పనికిరావు.

రెండోది, వడ్రంగులు వాడే లోకల్ మేడ్ తరిమెన, అంటే నాటు లేత్. రెండు ఇనుప చానళ్లు బెడ్‌గా వేసి, చివర మోటారు బిగించి, మెట్ల రెయిలింగ్ కర్రలకీ మంచం కోళ్లకీ చేయించుకున్నవి. పొడవు బోలెడు, ధర తక్కువ. కర్రలకి మంచి మిషనే. కానీ వేగం ఒకటో రెండో ఉంటాయి, టూల్ రెస్ట్ మొరటుగా ఉంటుంది, గిన్నె బిగించడానికి మర ఉండదు.

మూడోది ఇనప లేత్. స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్ ఉన్న ఊరు మనది. ఆటోనగర్ వైపు వెళ్తే పాత ఇనప లేత్ ఒకటి ఎవరో చూపిస్తారు, బాగా చవగ్గా కూడా చెప్తారు. వద్దు. పాతవాటికి చెక్కకి కావాల్సిన వేగం ఉండదు, చేత్తో ఉలి ఆనించే రెస్ట్ ఉండదు. ఆయిల్ పూసిన జారుళ్లలోకి చెక్క పొట్టు దూరి ముద్దకడుతుంది. అయితే ఆ లేత్ నడిపే మనిషి మీకు చాలా కావాలి. ఫేస్‌ప్లేట్, అడాప్టర్, టూల్ రెస్ట్ కమ్మీ ఆయన కొలిచి తిప్పి ఇస్తాడు. మీ కాలనీలో రిటైరైన టర్నరో మెషినిస్టో ఉంటే, ఏ సెకండ్‌హ్యాండ్ మిషన్ చూడ్డానికి వెళ్లినా కాఫీ ఇప్పిస్తానని చెప్పి ఆయన్ని వెంటబెట్టుకెళ్లండి.

ఆయన లేకపోయినా ఇవి మీరే చూడొచ్చు. కరెంటు తీసేసి, హెడ్‌స్టాక్‌లో (మోటారు వైపు ఇరుసుండే భాగం) ఒక మొన సెంటర్, టెయిల్‌స్టాక్‌లో ఇంకో మొన సెంటర్ పెట్టండి. టెయిల్‌స్టాక్‌ని నెమ్మదిగా ముందుకు తోస్తూ రెండు మొనలూ దాదాపు ముద్దు పెట్టుకునేంత దగ్గరికి తెచ్చి బిగించండి. పైనుంచి చూడండి, తర్వాత వంగి పక్క నుంచి చూడండి. మొన మీద మొన నిలవాలి. వెంట్రుక వాసి తేడా సర్దుకోవచ్చు. కంటికి స్పష్టంగా కనపడే తేడా ఉంటే లేచి వచ్చేయండి. తర్వాత ఇరుసుని పిడికిలితో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టక్‌మని చప్పుడైతే బేరింగ్ అరిగింది. చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు గరగర రాకూడదు. టూల్ రెస్ట్ బిగించి దాని చివర మీ బరువంతా మోపండి, జారకూడదు. చివరికి స్విచ్ వేసి, అతి తక్కువ వేగంలో అయిదు నిమిషాలు వదిలేసి, మోటారు మీద చేయి పెట్టి చూడండి. అంతసేపూ అమ్మేవాడు మాట్లాడుతూనే ఉంటాడు. మీరు మిషన్‌నే వినండి.

గ్రైండర్ లేకుండా ఉలి కొనకండి

ఈ అధ్యాయం వదిలేసేవాళ్లే ఎక్కువ. చెక్క లేత్ మీద ఉలి గట్టి చెక్క మీద పదిహేను, ఇరవై నిమిషాల్లోనే మొద్దుబారుతుంది. నిమిషానికి వెయ్యిసార్లు తిరిగే చెక్క అంచు మీదుగా పోతుంటే అంతే మరి. అంటే సాన పట్టడం వారానికోసారి చేసే పని కాదు, పని మధ్యలో పదే పదే చేసేది. గ్రైండర్ లేత్‌కి రెండడుగుల దూరంలో, ఎప్పుడూ ప్లగ్ పెట్టి ఉండాలి.

6 అంగుళాల బెంచ్ గ్రైండర్ మామూలుగా నిమిషానికి 2800 చుట్లు తిరుగుతుంది. అది చాలు. 8 అంగుళాలది, 1440 చుట్లది దొరికితే ఇంకా మంచిది, లోహం నెమ్మదిగా పోతుంది. గ్రైండర్‌తో పాటు వచ్చే బూడిద రంగు చక్రాలు ఇనుము గీకడానికి చేసినవి, ఉలిని కాల్చేస్తాయి. ఒక వైపన్నా తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ చక్రం, 80 గ్రిట్‌ది (గ్రిట్ అంటే గరుకు కొలత) వేయించుకోండి. కొనేటప్పుడు మధ్య రంధ్రం కొలత, చక్రం మీద రాసిన గరిష్ఠ వేగం రెండూ మీ గ్రైండర్‌కి సరిపోవాలి. బిగించే ముందు చక్రాన్ని వేలికి తగిలించి చెక్క పిడితో తట్టండి. ఖంగున మోగాలి. మొద్దు చప్పుడొస్తే లోపల పగులుంది, వాడకూడదు. కొత్త చక్రం బిగించాక మొదటి నిమిషం పక్కకి తప్పుకుని నిలబడండి.

ఇప్పుడు పదును. చక్రం ఆగి ఉండగానే మొదలుపెట్టండి. ఉలి వాలు, అంటే అంచు వైపు ఏటవాలుగా సాన పట్టిన భాగం, దాని మీద పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా పూయండి. ఉలిని రెస్ట్ మీద ఆనించి, వాలు చక్రానికి తగిలించి, చక్రాన్ని చేత్తో అర చుట్టు తిప్పండి. తీసి చూడండి. నలుపు వాలు వెనక భాగంలోనే పోయిందా, అంచు దగ్గరే పోయిందా? రెస్ట్ కోణం కాస్త మార్చి మళ్లీ పూయండి, మళ్లీ తిప్పండి. వెనక నుంచి అంచు దాకా నలుపు ఒకేలా చెరిగినప్పుడు స్విచ్ వేయండి. ఉలిని చక్రానికి ఆనించాలి, అదమకూడదు. మొదట రవ్వలు కిందికే పోతుంటాయి. అంచు మీదుగా ఇవతలికి ఒకటీ రెండూ దొర్లడం మొదలైందంటే పదును అంచుకి చేరింది. అక్కడితో ఆపాలి. ఆ తర్వాత పెట్టే ప్రతి సెకనూ ఉలి ఆయుష్షుని తినడమే.

వంపు ఉలులకి అదే కోణం ప్రతిసారీ రావాలంటే జిగ్, అంటే ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే బిగింపు, కావాలి. కొనే స్తోమత లేకపోతే ప్లైవుడ్‌తో, ఒక చదరపు ఇనప గొట్టంతో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. కోణాలు: కర్రలకి వాడే గౌజ్‌కి (గౌజ్ అంటే పొడవునా గాడి ఉన్న ఉలి) 35 నుంచి 40 డిగ్రీలు, మోటు చదునుకి వాడే గౌజ్‌కి 45, గిన్నె గౌజ్‌కి 45 నుంచి 55, చెక్కని గీకే ఉలి స్క్రేపర్‌కి 70 పైన. జేబులో పెట్టుకోవాల్సిన అంకెలివే.

ఉలులు: సెట్ కొనకండి

ఎనిమిది ఉలుల చెక్క పెట్టె చూడ్డానికి భలే ఉంటుంది. అందులో సగం మీరు ముట్టుకోరు, మిగతా సగం తరచూ నాసిరకం ఉక్కు. విడిగా కొనండి, హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) అని రాసి ఉన్నవే కొనండి. కార్బన్ స్టీల్ ఉలి గ్రైండర్ మీద వేడెక్కి నీలం రంగుకొస్తే అక్కడ పదును ఇక నిలవదు, మాటిమాటికీ నీళ్లలో ముంచాలి. హెచ్‌ఎస్‌ఎస్ ఆ వేడికి చెదరదు. దాన్ని మాత్రం కాలుతుండగా నీళ్లలో ముంచకండి, అంచులో సన్న పగుళ్లొస్తాయి.

మొదటి విడతలో నాలుగు చాలు. చతురస్రపు కర్రని గుండ్రంగా చేసే మోటు గౌజ్, ముప్పావు అంగుళంది. వంపులు తీసే స్పిండిల్ గౌజ్, మూడెనిమిదోవంతు అంగుళంది, అంటే సుమారు 10 మిల్లీమీటర్లు. కర్రని విడదీసే పార్టింగ్ టూల్, 3 మిల్లీమీటర్లది. గుండ్రటి ముక్కు స్క్రేపర్ ఒకటి. స్క్యూ అనే ఏటవాలు ఉలి కూడా ఉంది. సరిగ్గా పడితే ఇసుక కాగితం అవసరమే రాదు, తప్పుగా పడితే కర్ర మీద మర చుట్టినట్టు గాడి పడుతుంది. దాన్ని రెండో నెలలో కొనండి.

గిన్నె గౌజ్ రెండో విడత. కొలత చూసేటప్పుడు ఒక తిరకాసుంది. ఇంగ్లండ్ కంపెనీలు గాడి కొలత చెప్తాయి, అమెరికా కంపెనీలు కమ్మీ మొత్తం మందం చెప్తాయి. అమెరికా వాళ్ల అరంగుళం, ఇంగ్లండ్ వాళ్ల మూడెనిమిదోవంతు ఒకటే. మొదటి గిన్నె గౌజ్‌కి అరంగుళం కమ్మీ మందం తీసుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. మోటు గౌజ్‌ని గిన్నె మీద వాడకండి. పిడిలోకి దూరే దాని తోక సన్నగా ఉంటుంది. అడ్డ రేఖల చెక్క పట్టేసుకుంటే అక్కడ పుటుక్కున విరిగి ముక్క మీ వైపే వస్తుంది.

పిడి లేని ఉలులు చవగ్గా దొరుకుతాయి, అవే తీసుకోండి. పిడులు మీ లేత్ మీదే చేసుకుంటారు, అంతకంటే మంచి మొదటి పని లేదు. పిడి మూతికి ఉంగరం కావాలి కదా, ఏసీ మెకానిక్ దగ్గర పారేసే రాగి గొట్టం ముక్క అడగండి, ఇచ్చేస్తాడు.

కార్బైడ్ బిళ్లల ఉలుల సంగతి అందరూ అడుగుతారు. బిళ్ల మొద్దుబారితే కొంచెం తిప్పి బిగించుకోవడమే, సాన బెడద లేదు. ఆదివారం గంటసేపు సరదాకి చేసేవాళ్లకి అవి బాగానే ఉంటాయి. కానీ అవి చాలావరకు చెక్కని కోయవు, కొబ్బరి కోరినట్టు కోరుతాయి. తర్వాత ఇసుక కాగితంతో చాలాసేపు రుద్దుకోవాలి. నేర్చుకోవాలనే పట్టుదల ఉంటే మొదట హెచ్‌ఎస్‌ఎస్.

చక్ ఎందుకు ఆగొచ్చు

కర్రలకి లేత్‌తో వచ్చే పళ్ల సెంటర్, టెయిల్‌స్టాక్‌లో తిరిగే లైవ్ సెంటర్ చాలు. పళ్లేలకి, చిన్న గిన్నెలకి ఫేస్‌ప్లేట్ స్క్రూలతో బిగిస్తే సరిపోతుంది. స్క్రూ రంధ్రాలు అడుగున మిగులుతాయన్న ఒక్క చిక్కు తప్ప. చక్ కొనే రోజున మంచిదే కొనండి. ఇనప లేత్‌లకి చేసిన చవక చక్‌ల దవడలు ఎడ్జ్‌లతో బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, తిరిగేటప్పుడు కంటికి కనపడవు, వేళ్లకి తగులుతాయి. చెక్క పనికి చేసిన చక్‌లో దవడలు లోపలికి వాలుగా ఉండి చెక్క అడుగున చేసిన పిర్రని (గుండ్రటి బొడిపెని) గట్టిగా పట్టుకుంటాయి. ఆ పిర్ర వ్యాసం గిన్నె వ్యాసంలో కనీసం మూడోవంతు ఉండాలి. పిర్ర చక్ అడుక్కి తగలకూడదు. గిన్నె భుజం దవడల మీద కూర్చోవాలి, పట్టంతా అక్కడే ఉంది.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

ముఖమంతా కప్పే పాలీకార్బొనేట్ షీల్డ్. కళ్లజోడు చాలదు, ఎగిరే చెక్క ముక్క దవడకీ తగులుతుంది. ఎన్95 మాస్క్, ఇసుక కాగితం పట్టినప్పుడు తప్పనిసరి. గ్లోవ్స్ వద్దే వద్దు, తిరిగే చెక్క గ్లోవ్‌ని పట్టుకుంటే చేతిని కూడా లాగుతుంది. లుంగీ, చున్నీ, వేలాడే కొంగు, పొడుగు చేతులు, ఉంగరం, గాజులు, మెడలో గొలుసు వద్దు. ముంజేతికి కట్టుకున్న గుడి దారం కూడా విప్పండి. జుట్టు ముడేసుకోండి. ఇంట్లో వాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి, లేత్ తిరుగుతుంటే వెనక నుంచి వచ్చి భుజం తట్టకూడదు.

మొదటి రోజు, వరసగా

రెండంగుళాల మందం, పదంగుళాల పొడవు ఉన్న కర్ర తీసుకోండి. పప్పుగుత్తికి సరిపోతుంది. రెండు కొసల్లోనూ మూల నుంచి మూలకి గీతలు గీసి మధ్య బిందువు పట్టుకోండి. పళ్ల సెంటర్‌ని చెక్క మేలెట్‌తో ఒక దెబ్బ కొట్టి కొసలో దించండి. లేత్ మీదే పెట్టి కొట్టకండి, బేరింగులు పోతాయి. టెయిల్‌స్టాక్ తెచ్చి బిగించండి. టూల్ రెస్ట్ ఇరుసు ఎత్తుకి, కర్రకి పావంగుళం దూరంలో పెట్టి బిగించండి. ఇప్పుడు కర్రని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి, రెస్ట్‌కి ఎక్కడా తగలకూడదు. వేగం కనిష్ఠంలో ఉందో లేదో చూసుకుని, కర్రకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడి స్విచ్ వేయండి.

ఉలి ముందు రెస్ట్‌కి తగలాలి, ఆ తర్వాతే చెక్కకి. పిడి కింద ఉంచి వాలు వెనక భాగాన్ని చెక్క మీద ఆనించండి. ఏమీ కోయదు, చప్పుడు మాత్రం వస్తుంది. అక్కడి నుంచి పిడిని మెల్లగా పైకెత్తుతూ పోతే అంచు చెక్కని అందుకుంటుంది, సన్నటి పొట్టు మొదలవుతుంది. ఇక ఎత్తకండి, అలాగే పక్కకి జరపండి. కర్ర చివర నుంచి లోపలికి కాదు, లోపలి నుంచి చివర వైపు. పొట్టు ఆగిపోయి పొడి రాలుతుంటే ఉలి మొద్దయింది, గ్రైండర్ దగ్గరికి వెళ్లండి. కర్ర గుండ్రమవుతున్న కొద్దీ రెస్ట్‌ని దగ్గరికి జరపాలి, ప్రతిసారీ మిషన్ ఆపే జరపాలి. ఇసుక కాగితం పట్టేటప్పుడు రెస్ట్ పూర్తిగా తీసేయండి.

చెక్క ఎక్కడ, ఏది

టింబర్ డిపోలో కొత్త టేకు కొని నేర్చుకోవడం దుబారా. పైగా టేకులో ఉండే సిలికా ఉలిని తొందరగా మొద్దుబారుస్తుంది. సామిల్లు దగ్గర మిగిలిన ముక్కలు, కట్టెల అడితిలో వేప, మామిడి దుంగలు అడగండి. మామిడి కొత్తవాళ్ల చెట్టు. మెత్తన, చవక, ఒక్కోసారి లోపల నల్ల గీతలతో అద్భుతంగా ఉంటుంది. వేప ఉలికి బాగానే లొంగుతుంది, దుమ్ము మాత్రం ముక్కుకి ఘాటు. నల్లతుమ్మ గట్టిది, ఉలి పిడులకి అంతకు మించింది లేదు. సరుగుడు చాలా గట్టి, చీలే గుణం, మొదట్లో వద్దు. నిద్రగన్నేరు గిన్నెలకి బాగుంటుంది. ఎర్రచందనం జోలికి పోకండి, దానికి చట్టాలున్నాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో కూలిన చెట్లు గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, తుపాను తర్వాత పచ్చి చెక్క ఎంత పడి ఉంటుందో. వీధిలో పడిన కొమ్మ కావాలంటే ముందు దాని యజమానినో, మునిసిపల్ సిబ్బందినో అడిగి తీసుకోండి. తెచ్చిన రోజే రెండు కోసిన కొసలకీ కరిగించిన మైనమో పాత పెయింటో పూయండి, లేకపోతే వారంలో నెర్రెలిస్తుంది. దుంగని నిలువునా చీల్చి నడిమి గుజ్జు తీసేయండి, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

పచ్చి చెక్కతో గిన్నె రెండు దశల్లో చేయాలి. మొదట గోడ మందం వ్యాసంలో పదోవంతు ఉండేలా, అంటే 8 అంగుళాల గిన్నెకి సుమారు 20 మిల్లీమీటర్లు, మోటుగా తిప్పి ఆపేయండి. పాత న్యూస్‌పేపర్లో చుట్టి, ఫ్యాను గాలి తగలని మూల పెట్టండి. మన ఊరి చెమ్మలో ఆరడానికి నెలలు పడుతుంది. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి, బరువు ఆ కాగితం మీదే తారీఖుతో రాయండి. వరసగా మూడు వారాలు బరువు మారలేదంటే ఆరినట్టే. గిన్నె అప్పటికి కోడిగుడ్డు ఆకారానికి వంకరపోయి ఉంటుంది, మందం ఉంచింది అందుకే. మళ్లీ లేత్ మీద బిగించి గుండ్రం చేసుకుని, కావాల్సినంత పలచన చేయండి.